తాళంచెవి లేని చరిత్రకారుడు

చరిత్ర రాసినవాళ్ల చరిత్ర – 9

హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో పుట్టింది. పోటీ పరీక్షలకు కూర్చునే పిల్లల్లో ఎవరిని అడిగినా ఈ ఏడు తడుముకోకుండా చెబుతారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1906లో, హైదరాబాద్‌లో మాదరి భాగయ్య అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు జగన్మిత్ర మండలి పెట్టాడు. తర్వాతి కాలంలో ఆయనే భాగ్యరెడ్డి వర్మ. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఈ రెండో ముచ్చట కూడా గ్రూప్స్ పుస్తకాల్లోకి ఎక్కింది, సంతోషమే. అయితే మొదటిదాన్ని ఎవరు రాసిపెట్టారంటే మాడపాటి హనుమంతరావు అని పది మందిలో ఇద్దరైనా చెబుతారు. ఆయన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ రెండు భాగాలూ 1949, 1950లలో అచ్చయ్యాయి. రెండోదాన్ని ఎవరు రాసిపెట్టారంటే మాత్రం జవాబుండదు. ఆ పేరు పి.ఆర్. వెంకటస్వామి. ఈ వారం ఆయన గురించి.

పోయిన వారం మారేమండ రామారావుగారి సంపాదకత్వంలో 1935లో రాజమండ్రి నుంచి వెలువడిన ‘కాకతీయ సంచిక’ గురించి చెప్పుకున్నాం. ఓరుగల్లు కోట చరిత్ర రాయడానికి కావలసిన సరుకు రాతి మీదే ఉంది. దానం ఇచ్చిన రాజు పేరు, పుచ్చుకున్న బ్రాహ్మణుడి గోత్రం, చెరువు కట్టించిన సామంతుడి వంశం, సాక్షిగా సూర్యచంద్రులు, అన్నీ చెక్కి ఉన్నాయి. ఆ చెరువుకు మట్టి మోసినవాళ్ల వంశం ఏ శాసనంలోనూ లేదు. కోటకు రాళ్లెత్తినవాళ్ల మునిమనవలు 20వ శతాబ్దంలో సంఘాలు పెట్టుకుని, బడులు కట్టుకుని, సభలు జరుపుకుంటే దాన్ని రాసే పని ఎవరిది? ఈ ప్రశ్న ఓరుగల్లుదే కాదు. అట్లాంటిక్ అవతల, బానిసల మనవలకు ఇదే ప్రశ్న ఎదురైంది. అక్కడ దీనికి జవాబు వెతికినవాళ్లలో ఒకరి కథ ముందు చెప్పుకుంటే వెంకటస్వామి చేసిన పని బరువు తెలుస్తుంది.

జాన్ హోప్ ఫ్రాంక్లిన్ 1915లో ఓక్లహామా రాష్ట్రంలోని రెంటీస్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పూర్తిగా నల్లవాళ్లే కట్టుకున్న ఊరది. తండ్రి వకీలు. కుటుంబాన్ని టల్సా పట్టణానికి మార్చాలని తండ్రి ముందుగా అక్కడికి వెళ్లి ఆఫీసు తెరిచిన ఏడే, 1921లో, తెల్లవాళ్ల మూక ఆ పట్టణంలోని నల్లవాళ్ల పేటను తగలబెట్టింది. వకీలుగారి ఆఫీసు బూడిదైంది. ఆయన డేరా వేసుకుని అందులోనే కేసులు చూశారు. పెళ్లాంబిడ్డలు టల్సా చేరేసరికి మరో నాలుగేళ్లు పట్టింది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లవాడు ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, డాక్టరేట్‌కు ఎంచుకున్న విషయం చూడండి: నార్త్ కరోలినా అనే ఒక్క రాష్ట్రంలో, బానిసత్వం ఇంకా చెల్లుబాటులో ఉన్న రోజుల్లోనే, బానిసలు కాకుండా బతికిన నల్లవాళ్ల చరిత్ర. 1860 జనాభా లెక్కల్లో అక్కడ అలాంటివాళ్లు 30 వేల పైచిలుకు ఉన్నారు. పెద్ద పుస్తకాల్లో వాళ్లకు ఒక్క పేరా కూడా దక్కలేదు.

1939లో ఆ రాష్ట్ర రాజధాని రాలీకి వెళ్లి, సర్కారీ దస్తావేజుల భవనంలో అడుగు పెట్టారు ఫ్రాంక్లిన్. డైరెక్టర్ మర్యాదగానే మాట్లాడాడు. ఈ భవనం కట్టేటప్పుడు నల్లవాళ్లు కూడా పరిశోధనకు వస్తారన్న ఊహ ఎవరికీ రాలేదనీ, కొద్దిరోజుల గడువిస్తే ఏర్పాటు చేస్తాననీ చెప్పాడు. తిరిగి వెళ్లేసరికి తెల్లవాళ్లు చదువుకునే హాలుకు ఎదురుగా ఒక చిన్న గది, ఒక బల్ల సిద్ధం. దస్తావేజులు తెచ్చి ఇచ్చే సిబ్బంది తెల్లవాళ్లు. నల్లవాడికి వాళ్లు కాగితాలు మోసుకెళ్లి ఇవ్వడం ఎట్లా? అందుకని దస్తావేజుల గది తాళంచెవే ఆయన చేతికిచ్చారు, కావలసింది నువ్వే తెచ్చుకోమని. వివక్ష పుణ్యమా అని ఏ తెల్ల పరిశోధకుడికీ లేని వసతి ఆయనకు దొరికింది! రెండు వారాలు గడిచాయో లేదో, మాకు లేని తాళంచెవి వాడికెందుకని తెల్ల పరిశోధకులు గొడవకు దిగారు. తమకు అన్యాయం జరుగుతోందన్నారు. డైరెక్టర్ తాళంచెవి వెనక్కి తీసుకుని, ఇకమీదట ఆయనకూ కాగితాలు తెచ్చివ్వమని సిబ్బందికి హుకుం వేశాడు.

ఆ గదిలో కూర్చుని ఫ్రాంక్లిన్ తిరగేసినవి వీలునామాలు, పన్ను లెక్కలు, కౌంటీ కోర్టుల తీర్పులు, శాసనసభకు పెట్టుకున్న అర్జీలు. పుస్తకం 1943లో వచ్చింది. తర్వాత 1947లో ‘ఫ్రమ్ స్లేవరీ టు ఫ్రీడమ్’ పేరుతో మొత్తం నల్లజాతి చరిత్ర రాశారు. బడుల్లో వేర్పాటును కొట్టేసిన 1954 నాటి బ్రౌన్ కేసులో వకీళ్లకు చరిత్ర సరఫరా చేసినవాళ్లలో ఆయనొకరు. షికాగోలో, డ్యూక్‌లో ఆచార్యుడయ్యారు. 1995లో అమెరికా ప్రభుత్వం అత్యున్నత పౌర పురస్కారం ప్రకటించింది. దాన్ని అందుకోవడానికి ముందురోజు రాత్రి వాషింగ్టన్‌లో, తాను సభ్యుడిగా ఉన్న క్లబ్బులో, స్నేహితులకు విందు ఇస్తుంటే ఒక తెల్ల ఆవిడ ఆయన చేతిలో టోకెన్ పెట్టి తన కోటు తెచ్చిమ్మంది. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు.

సరే, ఇక మన ఊరికి వద్దాం. అమెరికా నల్లవాళ్ల చరిత్ర తెలుగువాళ్లకు ఫ్రాంక్లిన్ ద్వారా రాలేదు. 1964లో ఉస్మానియా ప్రాంగణంలో వెలసిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌లో ఆయన పుస్తకాల వంటివి వరుసగా పేర్చి ఉండేవి గానీ, అవి ఎం.ఫిల్., పిహెచ్.డి. విద్యార్థుల వరకే. మామూలు పాఠకుడికి ఆ చరిత్ర అలెక్స్ హేలీ ‘రూట్స్’ రూపంలో వచ్చింది. సహవాసి దాన్ని కుదించి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలి పుస్తకాల్లో అదొకటి. వరంగల్ హాస్టళ్లలో ఆ పుస్తకం అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారింది. కుంటా కింటే కాలు నరికిన ఘట్టం దగ్గర ఏడవని చదువరి లేడు. ఆ చదువరులకు తమ వాడలోని తాతల పేర్లు మూడో తరం దాటి తెలియవు. సికింద్రాబాద్‌లో ఒకాయన సొంత జాతి పోరాటాన్ని రెండు సంపుటాలుగా అచ్చు వేయించి అప్పటికే పాతికేళ్లయిందన్న సంగతి కూడా తెలియదు. పరాయి ఇంటి ఏడు తరాలు చదివి కన్నీళ్లు పెట్టుకున్నాం, మనింటి రెండు తరాలను అటక మీద మరిచిపోయాం.

వెంకటస్వామి పుస్తకం ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్’. 1955లో సికింద్రాబాద్‌లో అచ్చయింది. 1906 నుంచి 1953 దాకా హైదరాబాద్ సంస్థానంలో అంటరానివాళ్లనిపించుకున్న కులాల ఉద్యమ చరిత్ర అది. ప్రచురణ తేదీ గమనించండి. మరుసటి సంవత్సరం, 1956 నవంబర్ 1న, హైదరాబాద్ రాష్ట్రమే పటం మీద లేకుండా పోయింది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠీ జిల్లాలు బొంబాయిలోకి, కన్నడ జిల్లాలు మైసూరులోకి వెళ్లాయి. రాష్ట్రం ముక్కలయ్యాక ఆ ఉద్యమాన్ని ఒక్కటిగా చూసి రాయడం ఎవరికీ సాధ్యపడేది కాదు. సికింద్రాబాద్ సభకు ఔరంగాబాద్ నుంచి మనుషులు ఎందుకు వచ్చేవాళ్లో కూడా కొన్నాళ్లకు అర్థం కాకుండా పోయేది.

ఈ ఉద్యమం సికింద్రాబాద్‌లో, హైదరాబాద్‌లో ఎందుకు మొదలైంది, పల్లెల్లో ఎందుకు కాలేదు? కారణం జీతం. కంటోన్మెంట్‌లో ఆంగ్లేయుల పటాలాలుండేవి. దొరల ఇళ్లలో బట్లర్లు, వంటవాళ్లు కావాలి. రైల్వేలో కూలీలు, ఫిట్టర్లు కావాలి. ఊళ్లో పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్ కింద వెట్టి చేసే మనిషి పట్నం చేరితే నెల తిరిగేసరికి చేతిలో రొక్కం పడేది. రొక్కం ఉన్నచోట చందా పుడుతుంది, చందా ఉన్నచోట సంఘం పుడుతుంది. భాగ్యరెడ్డి వర్మ కూడా కుర్రతనంలో ఒక బారిస్టర్ ఇంట్లో పనిలో చేరి, ఆ ఇంట్లోనే లోకం చూశాడు. జగన్మిత్ర మండలి మొదట్లో చేసిన పనులు పెద్ద ఆర్భాటమైనవి కావు. భజనలు, హరికథలు, తాగుడు మాన్పించడం, జోగిని ఆచారాన్ని ఆపడం, పిల్లలకు బడి పెట్టడం. ఆ బడులు పెరిగి పెరిగి పాతిక దాటాయి. 1917లో బెజవాడలో పంచమ సభగా పిలిచినదానికి ఆయన అధ్యక్షుడై ఆది ఆంధ్ర సభ అని పేరు మార్పించాడు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ సంస్థానంలో ఈ కులాలవాళ్లను ఆది హిందువులుగా నమోదు చేయించడం వెనక ఆయన శ్రమే ఉంది. 1939లో కన్నుమూశాడు.

మరి ఇదే కాలంలో సాగిన ఆంధ్రోద్యమానికీ దీనికీ పొత్తు కుదిరిందా? 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి భాగ్యరెడ్డి వర్మ వెళ్లాడు. సనాతనులు కొందరు ఆయన రాకనే తప్పుబట్టారు. సంస్కర్తలు సర్దిచెప్పాల్సి వచ్చింది. తెలుగులో మాట్లాడితే అవమానించారని 1921లో పుట్టిన ఉద్యమం అది. పదేళ్లు తిరగకుండానే తన వేదిక మీద ఎవరు మాట్లాడవచ్చో తేల్చుకోలేక ఇబ్బంది పడింది. మాడపాటివారిని చదివినవాళ్లు వెంకటస్వామిని కూడా పక్కన పెట్టుకుని చదవాలని నేను అంటున్నది ఇందుకే. రెండూ ఒకే ఊరి కథలే. ఒకటి వీధి అరుగు మీద నుంచి చూసింది, ఇంకోటి వీధిలో నిలబడి చూసింది.

వెంకటస్వామి రంగం మీదికి వచ్చేది 1930ల్లో. భజనల కాలం అప్పటికి వెనకబడింది. అంబేడ్కర్ పేరు మోగుతోంది. 1936 మే నెలాఖరులో బొంబాయి దాదర్‌లో జరిగిన మహర్ల సభలో, హిందూ మతాన్ని వదిలిపెట్టాలన్న తన నిర్ణయాన్ని అంబేడ్కర్ వివరించిన ఆ చరిత్రాత్మక సభలో, అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నది మన హైదరాబాద్ నాయకుడు బి.ఎస్. వెంకటరావు. ఆయనను హైదరాబాద్ అంబేడ్కర్ అనేవాళ్లు. ఆ వేడిలోనే ఇక్కడ అంబేడ్కరైట్ల యువజన లీగు కట్టిన కుర్రాళ్లలో వెంకటస్వామి ఒకడు. భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి, వెంకటరావు అనే ముగ్గురు పెద్దలనూ దగ్గరగా చూశాడు. వాళ్ల సంఘాల్లో పనిచేశాడు, వాళ్లతో తగువాడాడు. పుస్తకానికి ఉన్న బలమూ, బలహీనతా రెండూ ఇక్కడి నుంచే వచ్చాయి.

చరిత్రకారుడు కాగితాలున్న చోటికి వెళ్తాడు. ఫ్రాంక్లిన్‌కు ఒక తాళంచెవి రెండు వారాలైనా దొరికింది. వెంకటస్వామికి ఏ గది తాళంచెవీ లేదు, అసలు గదే లేదు. వెట్టి మనిషి పేరు సర్కారీ దఫ్తరంలో ఫార్సీలోనో ఉర్దూలోనో ఎక్కడో చివర ఉంటే ఉంటుంది. ఆయన దగ్గరున్నవి తాను కూర్చున్న సభలు, తాను విన్న తీర్మానాలు, తోటివాళ్ల జ్ఞాపకాలు. అందుకే ఆ పుస్తకం ఒక సంఘం మినిట్స్ పుస్తకంలా, ఒక ఆత్మకథలా, అక్కడక్కడా ఒక ఫిర్యాదులా నడుస్తుంది. ఎవరు ఏ సభలో ఏ కుర్చీ కోసం పట్టుబట్టారో, ఎవరి చీలికలోంచి ఏ కొత్త సంఘం పుట్టిందో, ఏ పదవి ఎవరి నోరు మూయించిందో ఏమీ దాచలేదు. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. ఉద్యమాల చరిత్ర రాసేవాళ్లలో నూటికి తొంభై మంది ఆ భయంతోనే తమ నాయకుణ్ని దేవుణ్ని చేసి వదిలేస్తారు. వెంకటస్వామి ఆ పని చేయలేదు. పండితులు కొందరికి ఇది వీధి ముచ్చట్ల పోగులా తోచవచ్చు. నాకైతే ఆ ముచ్చట్లే పుస్తకానికి ప్రాణం. తీర్మానాల పాఠం ఎక్కడైనా దొరుకుతుంది. తీర్మానానికి ముందురాత్రి జరిగిన బేరం ఆ గదిలో ఉన్నవాడు రాస్తేనే దొరుకుతుంది.

అన్నిటికన్నా కష్టమైన పరీక్ష 1940ల్లో వచ్చింది. నిజాం సర్కారు ఒకవైపు, కాంగ్రెస్ ఒకవైపు, కమ్యూనిస్టులు ఒకవైపు. అంటరాని కులాలు ఎటు నిలబడాలి? వెంకటరావు నిజాం వైపు మొగ్గి, 1947–48లో సంస్థానంలో విద్యామంత్రి అయ్యాడు. ఆయన హయాంలోనే ఈ కులాల చదువుల కోసం కోటి రూపాయల నిధి ఏర్పడింది. ఆ రోజుల్లో కోటి అంటే మాటలు కాదు. 1947 నవంబర్‌లో అంబేడ్కర్ మాత్రం హైదరాబాద్‌లోని తమవాళ్లు నిజాం పక్షం వహించవద్దని, మతం మారవద్దని బహిరంగంగానే హెచ్చరించాడు. ఇక్కడ జె.హెచ్. సుబ్బయ్య నాయకత్వంలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఆ దారిలో నడిచింది. వెంకటస్వామి ఈ పక్షం మనిషి. కాబట్టి వెంకటరావు గురించి ఆయన రాసినది ఎదుటి పక్షం వాంగ్మూలంగానే చదవాలి. పోలీసు చర్య తర్వాత ఓడిపోయినవాళ్ల వైపు మాట్లాడటానికి ఎవరూ మిగల్లేదు. వెంకటరావు 1953లో పోయాడు. నిజాం దగ్గర మంత్రి పదవి తీసుకున్నాడన్న ఒక్క మాటతో ఆయన మొత్తం బతుకును కొట్టేయడం అన్యాయం. ఆ నిధితో చదువుకున్న పిల్లలు ఉన్నారు కదా. వెంకటస్వామి తీర్పును అటు పూర్తిగా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, ఇటు తోసేయనక్కర్లేదు. సాక్షి పక్షపాతం తెలిసిపోతే సాక్ష్యం ఇంకా పనికొస్తుంది.

పుస్తకం వచ్చింది, ఊరుకుంది. ఇంగ్లీషులో రాయడం ఒక కారణం. కంటోన్మెంట్ చదువులు, అర్జీలు, మహజర్లు అన్నీ ఆ భాషలో నడిచాయి కాబట్టి ఆయన దానినే ఎంచుకుని ఉంటాడు. దాంతో ఎవరి గురించి రాశాడో వాళ్ల పిల్లలకు అది అందలేదు. ఇంగ్లీషు చదివే విశ్వవిద్యాలయాలేమో దాన్ని చరిత్రగా లెక్కించలేదు. 1960, 70లలో మన చరిత్ర శాఖల్లో ప్రతిష్ఠ అంతా శాసనాలది, రాజవంశాలది. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో పుట్టింది. దాని పేరే రాజవంశం పేరు. ఇందులో దోషం పట్టడానికి ఏమీ లేదు, గాలి ఎటు వీచేదో చెప్పడానికి అన్నాను. చివరికి గెయిల్ ఆమ్వెట్ 1994లో ‘దళిత్స్ అండ్ ద డెమోక్రటిక్ రివల్యూషన్’ రాసినప్పుడు హైదరాబాద్ అధ్యాయానికి వెంకటస్వామి పుస్తకం మీద బాగా ఆధారపడ్డారు. ఆ తర్వాత పరిశోధకులు దాన్ని వెతకడం మొదలుపెట్టారు. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ అచ్చు వేసింది. ‘ఏడు తరాలు’ వేసిన ఆ సంస్థే, నలభై ఏళ్ల తర్వాత.

ఈ పుస్తకం పాత కాగితం అనుకునేవాళ్లు ఒక్క సంగతి చూడాలి. ఆ ఉద్యమ నాయకత్వం ఎక్కువగా మాలలది. మాదిగలు తమకు వాటా దక్కడం లేదని ఆనాడే వేరు సంఘాలు పెట్టుకున్నారు. అరుంధతీయులమని పేరు పెట్టుకుని వేరు కుంపటి పెట్టిన కథ, పట్నం వాడల్లో ఆ రెండు కులాల మధ్య పెరిగిన పొరపొచ్చాలు అన్నీ 1955కు ముందువే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో, ఎస్సీ కోటాలో తమ వాటా తేల్చమంటూ మాదిగ దండోరా మోగింది. దాని నాయకుడు మంద కృష్ణ మాదిగ మన హనుమకొండ పక్కన శాయంపేటవాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఎస్సీల వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడు తెలంగాణ దాన్ని అమల్లో పెట్టింది. వర్గీకరణ గొడవ ఎవరో రాజకీయనాయకుడు నిన్న మొన్న పుట్టించాడని టీవీ చర్చల్లో అనేవాళ్లకు, దాని వేర్లు సికింద్రాబాద్ వాడల్లో 1920, 30లలోనే ఉన్నాయని చూపించే పుస్తకం ఇది.

లోట్లు లేవా అంటే ఉన్నాయి. ఆడవాళ్లు దాదాపు కనిపించరు. అదే సికింద్రాబాద్‌లో, అదే రోజుల్లో టి.ఎన్. సదాలక్ష్మి ఎదిగింది. 1928లో పుట్టిన మాదిగ ఇంటి ఆడపిల్ల శాసనసభ్యురాలై, మంత్రి అయింది. ఆమె బతుకును ఆమె మాటల్లోనే రాబట్టి గోగు శ్యామల ‘నేనే బలాన్ని’గా రాసేసరికి 2011 వచ్చింది. సదాలక్ష్మి అప్పటికి పోయి ఏడేళ్లు. వెంకటస్వామి పుస్తకాన్నీ ఈ పుస్తకాన్నీ కలిపి చదివితే ఆ పట్నం వాడ సగమే కాకుండా నిండుగా కనబడుతుంది.

ఇక మనవాళ్లకు పెద్ద లోటు, వరంగల్. వెంకటస్వామి చూపు జంటనగరాల పొలిమేర దాటి కొద్దిగానే వస్తుంది. తప్పు ఆయనది కాదు, ఆయన అక్కడి మనిషి. వరంగల్ వాడల చరిత్ర వరంగల్ వాళ్లే రాయాలి, అంతే. రాయడానికి సరుకు లేదనడం కుదరదు. జీతం దొరికిన చోటే ఉద్యమం పుడుతుందని పైన అనుకున్నాం కదా, ఆ లెక్కన చూడండి. కాజీపేట జంక్షన్ ఉంది. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు ఉంది. పల్లె వెట్టిని తప్పించుకుని షిఫ్టు సైరన్ కింద పనిచేసిన మొదటి తరం అందులోనే ఉంది. ఆ మిల్లు మూతపడింది, యంత్రాలు పోయాయి, స్థలం చేతులు మారింది. అందులో పనిచేసిన తాతల హాజరు చీటీలు, ఫొటోలు కొన్ని ఇళ్లలో ఇంకా ఉండకపోవు.

హనుమకొండ బాప్టిస్టు మిషను కథ ఇంకా తమాషా అయినది. 19వ శతాబ్దం చివరి పాదంలో ఇక్కడ మిషను పెట్టి మాల, మాదిగ పిల్లలకు అక్షరాలు నేర్పినవాళ్లు అమెరికన్ బాప్టిస్టులు. అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే, ఆ శాఖవాళ్లే తమ దేశంలో విడుదలైన బానిసల కోసం కాలేజీలు తెరవడం మొదలుపెట్టారు. అందులో ఒకటి, షా విశ్వవిద్యాలయం, ఫ్రాంక్లిన్ తాళంచెవి పట్టుకుని తిరిగిన ఆ రాలీ పట్టణంలోనే ఉంది. ఒంగోలు వైపు పనిచేసిన జాన్ క్లౌ అనే మిషనరీ 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి చాలామందికి తెలుసు. ఆయన భార్య ఎమ్మా 1899లో మాదిగల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసింది. మిషనరీలు తమ దేశానికి ఏటేటా పంపిన నివేదికల్లో మన ఊళ్ల పేర్లు, బడుల లెక్కలు, ఉపాధ్యాయుల పేర్లు ఉంటాయి. వాళ్ల మతప్రచార ఉత్సాహాన్ని తీసేసి చదువుకోవాలి. శాసనాల్లో రాజుల పొగడ్తను తీసేసి చదువుకోవడం మనకు అలవాటే కదా.

కాగితం కన్నా పాతది నోటి మాట. మాదిగలకు గోత్రాలు, వంశాలు చెప్పి, జాంబపురాణం పాడి బతికే డక్కలివాళ్లు తరతరాలుగా ఆ కులానికి చరిత్రకారులు. ‘రూట్స్’ రచయిత తన పూర్వీకుడి పేరు కోసం గాంబియా దేశానికి వెళ్లి వంశావళులు చెప్పే గాయకుణ్ని వెతుక్కుంటే మనం ఎంతో ఆశ్చర్యపోయాం. అలాంటి గాయకుడు ఏటా కోతల వేళ మన ఊరికే వచ్చి, వాడ చివర దిగి, కిన్నెర మీటి వెళ్తుంటే ఎవరూ నోటుబుక్కు తీయలేదు. కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఫొటోలు దిగినవాళ్లు ఎంతోమంది. ఆ పాటల్లోని పేర్లు రాసుకున్నవాళ్లు ఎంతమందో చెప్పనక్కర్లేదు.

ఫ్రాంక్లిన్ పద్ధతి ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది. ఆయన గొప్పవాళ్ల ఉత్తరాల కోసం వెతకలేదు, పన్ను లెక్కల్లో, కోర్టు కట్టల్లో చిన్న మనుషుల పేర్లు పట్టుకున్నాడు. మనకు సేత్వార్లు, పహాణీలు వంటి భూమి లెక్కలు ఉన్నాయి. ఇనాం కాగితాలున్నాయి. పాత బడుల అడ్మిషన్ రిజిస్టర్లలో పిల్లవాడి కులం, తండ్రి పేరు, బడి మానేసిన కారణం ఒక్క వరుసలో దొరుకుతాయి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర దస్తావేజుల కార్యాలయంలో ఉర్దూ, ఫార్సీ కాగితాలు గుట్టలున్నాయి. వాటిని చదవగల పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర శాఖలో ఎం.ఏ. చేసే విద్యార్థి ఒక్కడు ఉర్దూ లిపి పట్టుకుని, తన సొంత మండలం వెట్టి అర్జీలు ఒక యాభై చదివినా ఒక మంచి పుస్తకం తయారవుతుంది. పర్యవేక్షకులు కొత్త కాకతీయ దేవాలయం మీద ఇరవయ్యో థీసిస్ ఇప్పించే బదులు ఈ వైపు ఒకసారి చూడాలి.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో తాత రైల్వే సర్వీసు పుస్తకం, ఆజంజాహి మిల్లు గుర్తింపు కార్డు, మిషను బడి సర్టిఫికెట్, పాత సంఘం రసీదు, సభ కరపత్రం, అంబేడ్కర్ జయంతి మొదటిసారి జరిపిన నాటి ఫొటో, ఏది ఉన్నా పారేయకండి. ఫోనుతో ఫొటో తీయండి. అందులో ఉన్నవాళ్లు ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఈ నెలలోనే రాసి పెట్టండి. ఒక నకలు మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. వెంకటస్వామి పుస్తకం దొరికితే చదవండి, చదివాక అందులో లేని మీ ఊరి పేరు గురించి మాకు రాయండి. వచ్చే వారం మాడపాటివారి రెండు సంపుటాలు.